ఇల్లా పొలమా అని అడిగితే, ముందు భూమి లెక్క అడగండి

ప్రశ్న: అక్కా, నాకు 31 ఏళ్లు. నేను, నా భార్య, మా నాలుగేళ్ల పాప ఒక గది, వంటిల్లు ఉన్న అద్దె ఇంట్లో ఉంటున్నాం, జీతంలో దగ్గర దగ్గర సగం అద్దెకే పోతోంది. మా ఊరి అంచున 60 ఎకరాల్లో తక్కువ ధరకి ఇళ్లు కట్టిస్తామని ప్రభుత్వం ప్రకటించింది, నేనూ అప్లికేషన్ పెట్టా. తీరా చూస్తే అందులో మా మేనమామ సాగు చేసుకుంటున్న రెండెకరాలు కూడా ఉంది. ఆయన రసాయనాలు మానేసి ఆరేళ్లయింది, ఊళ్లోకి కూరగాయలు పంపిస్తాడు. అద్దెదారుల సంఘం వాళ్లు ఇళ్లు కావాల్సిందే అని సంతకాలు తీసుకుంటున్నారు, మామయ్య వాళ్లు పొలాలు తీసుకోవద్దని వేరే కాగితం తిప్పుతున్నారు. రెండూ నా దగ్గరికి వచ్చాయి. ఇంకో మూడు వారాల్లో అభిప్రాయ సేకరణ సభ ఉంది. ఏ కాగితం మీద సంతకం పెట్టను? ఇంట్లో కూడా దీని మీద మాటా మాటా పెరుగుతోంది.

సమాధానం:

తమ్ముడూ, ముందు ఒక మాట. ఇల్లు అడిగినంత మాత్రాన నువ్వు మామయ్యకి ద్రోహం చేసినట్టు కాదు, పాపకి గాలీ వెలుతురూ వచ్చే ఇంకో గది కావాలనుకోవడం తప్పెలా అవుతుంది. ఆయన పొలం పోతుందని బాధపడితే నీ ఇంటికి అడ్డం పడ్డట్టూ కాదు. ఇద్దరి అవసరమూ నిజమే. నన్నడిగితే ఆ రెండు కాగితాల మీదా ఇప్పుడున్నట్టుగా సంతకం పెట్టకు, మూడో కాగితం నువ్వే రాయి. ఎందుకంటే ఆ రెండూ ఒక ప్రశ్నని వదిలేశాయి, ఈ 60 ఎకరాలే ఎందుకు అని. ఆఫీసులో ఎవరో మ్యాప్ మీద గీత గీశారు, ఆ గీతకి అటొకరు ఇటొకరు నిలబడి మీలో మీరు కొట్టుకుంటున్నారు, గీత గీసినవాళ్లని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

మనం కూడు, గూడు, గుడ్డ అని ఒక్క ఊపిరిలో అంటాం కదా, 1966లో ఐక్యరాజ్యసమితి చేసిన ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడికలో 11వ అధికరణం కూడా అలాగే రాసింది, తిండి, బట్ట, ఇల్లు మూడూ ఒకే వాక్యంలో. బ్రెజిల్ అయితే రాజ్యాంగంలో ఒకే అధికరణంలోకి 2000లో ఇంటి హక్కుని, 2010లో తిండి హక్కుని చేర్చింది. కానీ ఆచరణకి వచ్చేసరికి ఇళ్ల శాఖ ఒక బిల్డింగ్‌లో, వ్యవసాయ శాఖ ఇంకో బిల్డింగ్‌లో, భూమి రికార్డులు మూడో చోట ఉంటాయి. ఇళ్ల శాఖకి ఎన్ని ఇళ్లు కట్టారు అన్నదే టార్గెట్, ఎకరం ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడికి పోతారు. చవగ్గా దొరికేది ఊరి అంచున పొలమే. ఆ పొలం పోతే ఊరి తిండికి ఏమవుతుందో చూడటం వాళ్ల పని కాదు, అది చూడాల్సినవాళ్లకి ఈ ఫైల్ వెళ్లనే వెళ్లదు.

ముందు నీ ఇంటి సంగతి, దీనికి నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. పెళ్లైన కొత్తలో మేం కూడా ఇలాంటి స్కీమ్‌లోనే ఊరి చివర ఇంట్లో నాలుగేళ్లు ఉన్నాం. వాయిదా తక్కువే, ఇల్లూ బాగానే ఉంది, గోడలకి నేనేం వంక పెట్టను. కానీ ఉద్యోగానికి పోవడానికి రెండు బస్సులు, రావడానికి రెండు బస్సులు, రోజుకి మూడున్నర గంటలు రోడ్డు మీదే, ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర, దగ్గర్లో కూరగాయలు అమ్మే మనిషే లేడు, ఉన్న ఒక్క కొట్లో ప్యాకెట్లు తప్ప ఏమీ ఉండేవి కాదు, సరే ఇవాళ్టికి ఇదే అనుకుని ఆ ప్యాకెట్లే వండేసేదాన్ని, అలా ఎన్ని రోజులో. ఇంటి వాయిదాలో మిగిలిన డబ్బు బస్సులకీ మందులకీ పోయింది. అప్పుడు అర్థమైంది, ఇల్లు ఎక్కడుందన్నదే కంచంలో ఏముంటుందో తేలుస్తుందని.

నా ఒక్కదాని గోలే అయితే నీకు చెప్పేదాన్ని కాదు, దేశాలకి దేశాలే ఈ తప్పు చేశాయి. మెక్సికోలో 2000 తర్వాత కార్మికుల హౌసింగ్ ఫండ్ లోన్లతో ఊళ్లకి చాలా దూరంగా, పొలాల మధ్య, ఒకే రకం చిన్న ఇళ్లు లక్షల్లో కట్టారు. లెక్కల్లో గొప్ప విజయం. 2010 జనాభా లెక్కలకి వెళ్లి చూస్తే దేశంలో దాదాపు 50 లక్షల ఇళ్లు ఖాళీ. అన్నీ ఆ స్కీమ్‌వే అనను, కానీ పని దొరకక, బస్సు లేక, నీళ్లు సరిగ్గా రాక తాళం వేసి పోయినవాళ్లు చాలామంది. పొలమూ పోయింది, ఇల్లూ ఉపయోగపడలేదు, అప్పు మాత్రం మిగిలింది. అందుకని నువ్వు సభలో అడగాల్సిన వాటిలో ఒకటి ఇది, ఆ 60 ఎకరాల నుంచి పనిచేసే చోటికి బస్సు ఎన్ని నిమిషాలకొకటి, ఎంతసేపు పడుతుంది, స్కూలూ ఆసుపత్రీ సంతా ఎంత దూరం. 1991లో ఐక్యరాజ్యసమితి కమిటీ తగిన ఇల్లు అంటే ఏంటో వివరించినప్పుడు ధరతో పాటు ఇల్లున్న చోటు కూడా లెక్కలోకే వస్తుందని రాసింది, కాబట్టి నువ్వేదో అదనంగా అడుగుతున్నట్టు ఫీలవ్వొద్దు. ఇంటి ఖర్చు ఆదాయంలో 30 శాతం దాటకూడదని ఒక లెక్క చాలా చోట్ల వాడతారు కదా, అమెరికాలో కొందరు దానికి ప్రయాణం ఖర్చు కూడా కలిపి రెండూ 45 శాతం దాటితే అది అందుబాటు ఇల్లు కాదంటారు. నీ ఇప్పటి అద్దెకి బస్సు ఖర్చు కలిపి ఒకసారి, కొత్త ఇంటి వాయిదాకి అక్కడి బస్సు ఖర్చు కలిపి ఒకసారి, ఇవాళ రాత్రే కాగితం మీద వేసి చూడు.

ఇప్పుడు మామయ్య వైపు. ఊళ్లు అసలు పుట్టిందే మంచి నేల, నీళ్లు ఉన్న చోట, అందుకే ఊరి అంచు భూమి మామూలు భూమి కాదు. 2017లో వచ్చిన ఒక అధ్యయనం 2030 నాటికి నగరాలు పెరగడం వల్ల ప్రపంచ సాగుభూమిలో 1.8 నుంచి 2.4 శాతం పోతుందని అంచనా వేసింది, శాతం చూస్తే చిన్నదే, కానీ ఆ పోయే భూమి ప్రపంచ సగటు కంటే 1.77 రెట్లు ఎక్కువ పండే భూమి అట. అయితే ఒక జాగ్రత్త. మామయ్య వాళ్ల కాగితంలో పొలం దగ్గరుంటే లారీల పొగ తగ్గుతుంది కాబట్టి పర్యావరణానికి మంచిది అని రాసుంటే ఆ వాక్యం కొట్టేయించు. ఆహారం వల్ల గాల్లోకి పోయే వాయువుల్లో ఎక్కువ భాగం పండించే దశలోనే పుడుతుంది, రవాణాది చిన్న వాటా, సభలో ఎవరైనా తెలిసినవాళ్లు ఆ ఒక్క మాట పట్టుకుని మొత్తం వాదననే తీసిపారేస్తారు. దానికి బదులు ఉన్నది ఉన్నట్టు చెప్పమను, ఆకుకూరలాంటివి గంటల్లో వాడిపోతాయి కాబట్టి దగ్గర పొలం కావాలి, ఊరి తడి చెత్త ఎరువై తిరిగి వెళ్లడానికి దగ్గర పొలం కావాలి, పెద్ద వాన పడితే నీళ్లు ఇంకడానికి సిమెంట్ లేని నేల కావాలి, ఆరేళ్లు కష్టపడి మళ్లీ జీవం పోసుకున్న మట్టిని పరిహారం డబ్బుతో ఇంకో చోట కొనలేం.

ఇంకోటి, నువ్వు సాగు చేసుకుంటున్న రెండెకరాలు అన్నావు, సొంతమా కౌలా రాయలేదు. ఇది చాలా పెద్ద తేడా తమ్ముడూ. కౌలైతే పరిహారం చెక్కు పేపర్ మీద పేరున్నవాళ్లకి పోయే అవకాశమే ఎక్కువ, చెమటోడ్చినాయన చేతికి ఏం వస్తుందో ఎవరూ చెప్పరు. సొంతమైతే ఇంకో ప్రశ్న, ఆయనకి నిజంగా అమ్మాలని లేదా, లేక రేటు నచ్చలేదా. సిగ్గుపడకుండా అడుగు, ఏ జవాబైనా తప్పు కాదు, కానీ ఆయన మనసు తెలీకుండా ఆయన తరఫున నువ్వు మాట్లాడలేవు.

ఒక వైపే చూసిన చోట్ల ఏమైందో చెప్తా. సింగపూర్ 1960లో హౌసింగ్ బోర్డు పెట్టింది, 1966లో భూసేకరణ చట్టం తెచ్చింది, ఇవాళ అక్కడి స్థిరనివాసుల్లో దాదాపు 80 శాతం మంది ప్రభుత్వం కట్టిన ఇళ్లలోనే ఉంటారు, ఇళ్ల విషయంలో అంత చేసిన ప్రభుత్వాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానీ పొలాలు దాదాపు అన్నీ పోయాయి, సాగుకి మిగిలింది ఒక శాతం నేల, తిండిలో 90 శాతానికి పైగా బయట్నుంచే రావాలి. 2030 కల్లా 30 శాతం అవసరం సొంతంగా పండించుకుంటామని 2019లో ప్రకటించారు, కార్ పార్కింగ్ బిల్డింగ్‌ల పైకప్పుల మీద కూడా కూరగాయలు పెంచే ప్రయత్నాలు చేశారు, అయినా ఆ లక్ష్యాన్ని 2025లో పక్కన పెట్టి మార్చుకోవాల్సి వచ్చింది. ఒకసారి సిమెంట్ పడ్డాక వెనక్కి రావడం అంత కష్టం.

దీనికి తిరగేసింది కెనడాలోని బ్రిటిష్ కొలంబియా. 1973లోనే సాగుభూమిని చట్టంతో కాపాడింది, అది చాలా మంచి పని, నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ అక్కడి పెద్ద నగరం వాంకూవర్‌లో ఇళ్లున్న చోట్ల ఎక్కువ భాగం ఒక ప్లాట్‌లో ఒక కుటుంబానికే ఇల్లు అన్నట్టు రూల్స్ దశాబ్దాల పాటు అలాగే ఉంచారు, ఊరు బయటికీ పెరగలేదు, లోపల పైకీ పెరగలేదు, ధరలు మామూలు మనిషి అందుకోలేనంత అయ్యాయి. ఖాళీ ఇళ్ల మీద 2017 నుంచి పన్ను వేశారు, 2023లో ఒక ప్లాట్‌లో మూడు నాలుగు ఇళ్లకి అనుమతి ఇవ్వాల్సిందే అని రాష్ట్రమే చట్టం తెచ్చింది, అంటే 50 ఏళ్ల తర్వాత అన్నమాట. ఆ మధ్యలో అద్దెలు కట్టలేక వెళ్లిపోయినవాళ్లకి ఆ చట్టం ఏం చేస్తుంది.

రెండూ కలిపి పట్టుకున్న ఊరు ఆస్ట్రియా రాజధాని వియన్నా. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక అక్కడ జనానికి ఇల్లూ లేదు తిండీ లేదు, ఆకలితో ఊరి అంచున ఖాళీ భూముల్లోకి వెళ్లి గుడిసెలు వేసుకుని కూరగాయలు పెంచుకున్నారు, తర్వాత సహకార సంఘాలుగా ఏర్పడి తలా ఇంత పని చేసి పెరడున్న చిన్న చిన్న ఇళ్లు కట్టుకున్నారు. ఇల్లూ తిండీ వేరు వేరు కాదని వాళ్లకి ఏ ఆఫీసూ చెప్పలేదు, కడుపు చెప్పింది. 1923లో నగరం ఇళ్ల కోసం ప్రత్యేకంగా పన్ను వేసింది, పెద్ద ఇళ్లవాళ్లకి ఎక్కువ, చిన్న ఇళ్లవాళ్లకి తక్కువ, 1934 లోపు 60 వేలకి పైగా ఇళ్లు కట్టింది. ఇప్పుడు నగరం చేతిలో దాదాపు 2,20,000 ఫ్లాట్లున్నాయి, అమ్మలేదు, అద్దెకే ఇస్తుంది. 1984 నుంచి ముందుగానే భూమి కొని పెట్టుకోవడానికి ఒక ఫండ్ ఉంది. 2018లో ఇంకో రూల్ తెచ్చారు, కొత్తగా ఇళ్ల కోసం జోన్ (ఏ భూమిని దేనికి వాడొచ్చో చెప్పే రూల్) మార్చిన పెద్ద స్థలాల్లో మూడింట రెండొంతులు సబ్సిడీ ఇళ్లకే పోవాలి, జోన్ మారగానే భూమి రేటు ఆకాశానికి ఎగరకుండా చూడాలన్నది దాని ఉద్దేశం. ఇంత కట్టిన ఊళ్లో కూడా విస్తీర్ణంలో దాదాపు ఏడో వంతు ఇప్పటికీ సాగులోనే ఉంది, ఏ పొలాలు కదపకూడదో మ్యాప్ గీసి పెట్టుకున్నారు, నగరపాలక సంస్థే స్వయంగా సేంద్రియ వ్యవసాయం చేస్తుంది. అక్కడ గొడవలు లేవని కాదు, జనాభా పెరుగుతోంది కాబట్టి అంచుల్లో పేచీలు వస్తూనే ఉంటాయి. కానీ ఇళ్లకి చోటూ, పొలాలకి చోటూ ముందే రాసి ఉండటంతో ప్రతిసారీ మామయ్యా మేనల్లుడూ ఎదురెదురుగా నిలబడక్కర్లేదు.

తిండి వైపు ప్రభుత్వం దగ్గర సబ్సిడీ ఒక్కటే ఉంటుందనుకుంటారు చాలామంది, చోటు కూడా ఉంటుంది. బ్రెజిల్‌లో బెలో హొరిజాంచె అనే ఊరు 1993లో తిండి కోసమే ఒక విభాగం పెట్టింది. ఊరి మధ్యలో మంచి సెంటర్లలో నగరం స్థలం ఇచ్చి, ఇక్కడ అమ్ముకోండి, కానీ ఓ ఇరవై రకాల సరుకులు మాత్రం మేం పెట్టిన ధరకే అమ్మాలి అని షరతు పెట్టింది. రైతులు నేరుగా అమ్ముకోవడానికి వేరే స్థలాలిచ్చింది. ఇదంతా నగర బడ్జెట్‌లో రెండు శాతం లోపే. చూశావా, ఇక్కడా పని చేసింది భూమే. 2009లో బ్రెజిల్ దేశం మొత్తానికి ఇంకో చట్టం చేసింది, బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతం చిన్న రైతు కుటుంబాల దగ్గరే కొనాలని. మీ మామయ్యలాంటి రైతు పంటకి ముందే కొనేవాళ్లు ఖాయమైతే పొలం అమ్ముకోవాలన్న ఒత్తిడి సగం తగ్గుతుంది, పొలం కాపాడండి అని బోర్డు పెడితే తగ్గదు.

ఇక ఇళ్లు కట్టాక ఏమవుతుంది అన్నది ఎక్కువమంది అడగరు, నాకు మాత్రం అదే ముఖ్యం. ఇంగ్లండ్‌లో 1980లో చట్టం తెచ్చి ప్రభుత్వ ఇళ్లని అందులో ఉంటున్నవాళ్లకే డిస్కౌంట్‌లో అమ్మేశారు, దాదాపు 20 లక్షల ఇళ్లు అలా వెళ్లిపోయాయి. మొదట కొన్న కుటుంబం బాగుపడింది, అది నిజం. తర్వాత వాటిలో చాలా ఇళ్లు చేతులు మారి మార్కెట్ అద్దెలకి వచ్చాయి, కొత్త తరం మళ్లీ క్యూలోనే ఉంది. పొలం ఒక్కసారే పోతుంది కదా తమ్ముడూ, దాని మీద కట్టిన ఇల్లు మాత్రం ఒక్క తరానికే చవగ్గా ఉంటే అది న్యాయమైన బేరం అవదు.

దీనికి ఒక దారి ఉంది, దాని మూలం తెలిస్తే ఆశ్చర్యపోతావు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూమి లేని దళిత కుటుంబాలు వినోబా భావేని 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు, భూదానం అలా మొదలైంది. మనిషికింత అని పంచిన భూమి అప్పులకీ అమ్మకాలకీ జారిపోతోందని చూశాక, భూమి ఊరందరిదీ కలిపి ఉంచాలనే గ్రామదానం వచ్చింది. ఆ ఆలోచన అమెరికాలో పౌరహక్కుల కోసం పోరాడుతున్నవాళ్లకి చేరింది. 1969లో జార్జియా రాష్ట్రంలో నల్లజాతి రైతులు ఒక ట్రస్టు పెట్టుకుని దాదాపు 5,700 ఎకరాలు కొన్నారు, భూమి ట్రస్టుది, సాగూ ఇళ్లూ కుటుంబాలవి. కరువొచ్చినప్పుడు వాళ్లకి ప్రభుత్వ రుణం సకాలంలో అందనివ్వలేదు, 1985లో ఆ భూమి పోగొట్టుకున్నారు, వివక్ష కేసులో 2009లో వాళ్లకి 1.2 కోట్ల డాలర్ల పరిహారం దక్కింది. కానీ ఆ పద్ధతి చావలేదు. 1984లో అమెరికాలోనే బర్లింగ్టన్ అనే చిన్న నగరం సొంత డబ్బుతో ఇళ్ల కోసం అలాంటి ట్రస్టు పెట్టించింది, అది ఇప్పటికీ నడుస్తోంది. ఇల్లు కుటుంబం కొనుక్కుంటుంది, కింద నేల ట్రస్టు దగ్గర లీజు, అమ్ముకుంటే పెరిగిన విలువలో కొంత వాటా వస్తుంది, మిగతాది ఇంట్లోనే ఉండిపోతుంది కాబట్టి తర్వాత వచ్చేవాళ్లకీ చవగ్గానే దొరుకుతుంది.

ఇప్పుడు నీ మూడో కాగితంలో ఏం రాస్తావంటే, పొడుగ్గా వద్దు, ఒక పేజీ చాలు. ఊరి లోపల ప్రభుత్వ స్థలాలు ఎన్ని ఖాళీగా ఉన్నాయి, మూతపడ్డ గోడౌన్లు, పాత క్వార్టర్లు, ఏళ్లుగా తాళం వేసిన ఇళ్లు ఎన్ని, ఆ లెక్క సభ కంటే ముందే బయటపెట్టండి అని మొదటి వాక్యంలోనే అడుగు, ఇది చూశాకే 60 ఎకరాల మాట. లోపల స్థలం నిజంగా చాలకపోతే ఆ 60లో మట్టి బలహీనంగా ఉన్నది, రోడ్డుకి దగ్గరున్నది ఏదో రైతులతో కలిసి తిరిగి చూసి, దాంట్లో ఒత్తుగా నాలుగైదు అంతస్తులు కట్టమను, అప్పుడు 60 అక్కర్లేదు, చాలా తక్కువలో సరిపోవచ్చు. మిగతా పొలానికి కనీసం పాతికేళ్ల పాటు జోన్ మార్చబోమని రాతపూర్వక హామీ, బడులకీ ఆసుపత్రులకీ ఆ పంట కొనే ఒప్పందం. కట్టిన ఇళ్ల కింద భూమి ప్రభుత్వానిదో ట్రస్టుదో అయి ఉండాలి, అమ్మకూడదు. కౌలు రైతుల పేర్లు పరిహారం లిస్టులో ఉండాలి. అద్దెదారుల సంఘంలో ఒక్కరూ, రైతుల్లో ఒక్కరూ నీతో పాటు దీని మీద సంతకం పెడితే ఆ సభలో దాని బరువే వేరు, ఎందుకంటే మీరు విడివిడిగా వస్తారనే అధికారులు లెక్కేసుకుని ఉంటారు.

నీ అప్లికేషన్ వెనక్కి తీసుకోకు. లిస్టులో నీ పేరు లేనంత మాత్రాన మామయ్య పొలం ఆగదు, నీ స్థానం మాత్రం పోతుంది. ఇంట్లో మాటల సంగతంటావా, ఈ ఆదివారం పాపని తీసుకుని పొలానికి వెళ్లు, ఆ మ్యాప్ ప్రింటవుట్ కూడా పట్టుకెళ్లు, మామయ్యనే పెన్నుతో గుర్తులు పెట్టమను, ఏ చెక్కలో నీళ్లు నిలుస్తాయి, ఏది గులకరాయి నేల, ఏ మూల ఏళ్లుగా బీడు. ఆ గుర్తులున్న మ్యాప్‌నే నీ కాగితానికి జత చెయ్యి.